ఆషాఢంలో సముద్రం

గాజుల అంగడికి ఆషాఢమంటే జ్వరం పడ్డ నోరే, ఏదీ రుచించదు. పెళ్ళిళ్ళుండవు, సీమంతాలుండవు. బళేపేట సందులో నడిచే ఆడవాళ్ళు మా అంగడి దాకా వచ్చి, అద్దంలో ముఖం చూసుకొని ముందుకు పోతారు. తొంభై తొమ్మిదిలో వచ్చిన ఆషాఢం మరీ పాడుది. పొద్దున లేస్తే మబ్బు, సన్న తుంపర, టీవీ పెడితే కార్గిల్. మా మామ జయరామప్ప గల్లా దగ్గర కూర్చొని ఈగలు తోలుకునేవాడు. మా మరిది శ్రీకాంత్ మెట్ల మీద నిలబడి వానను తిట్టేవాడు. నేను వెనక గదిలో గాజులు డజన్ల లెక్కన దారానికి కట్టేదాన్ని. కింద అంగడి, పైన ఇల్లు. మెట్లెక్కి దిగడమే మా ప్రయాణాలు.

నా పేరు మునిలక్ష్మి. ఆ ఇంటికి పెద్ద కోడల్ని. మా ఆయన నారాయణప్ప పోయి అప్పటికి ఆరేళ్ళు. పిల్లలు లేరు. ఆయన ఉన్నంత కాలం ముందు గదిలో పీట వేసుకొని గాజులు తొడిగింది నేనే. నా చేతిలో గాజు పెరగదని పేరు. మా అంగట్లో గాజు పగిలిందనకూడదు, పెరిగిందనాలి. ఆయన పోయాక మా మామ నన్ను వెనక గదికి మార్చాడు. తిట్టలేదు, కసరలేదు. "జనం ఒప్పరమ్మా" అన్నాడు, అంతే. నిజమే, జనం ఒప్పరు. పెళ్ళికూతురు చెయ్యి చాచి కూర్చుంటే ఎదురుగా బోసి నుదురు ఎవరికి కావాలి?

ఒక్క లావణ్య ఆ మాటకు ఒప్పుకోలేదు. లావణ్య నా తోటికోడలు, శ్రీకాంత్ పెళ్ళాం. ఆషాఢం ఆఖరి రోజు భీమన అమావాస్య. ఈ కన్నడ ఊళ్ళో ఆడవాళ్ళు మొగుడి కాళ్ళకు పూజ చేసే పండగ. ఆ పొద్దున మా ఇంటి కోడలు కొత్త పచ్చగాజులు తొడుక్కున్నాకే అంగట్లో శ్రావణం బేరాలు మొదలు. లావణ్యది మొండి చెయ్యి. రెండు-నాలుగు సైజు తప్ప వేసుకోదు, ఆ సైజు ఆ చేతికి ఎక్కదు. అంగట్లో గాజులు తొడిగే జ్ఞానప్రకాశం పట్టుకుంటే వీధి చివరిదాకా వినబడేలా అరుస్తుంది. అందుకే నేరుగా వెనక గదికి వచ్చి నా ముందర కూర్చునేది.

"నాకు అక్కే తొడగాల. శకునమూ లేదు, పాడూ లేదు" అనేది.

ఆ చేతికి సబ్బు నీళ్ళు రాసి, బొటనవేలు లోపలికి మడిచి, పిల్లల సంగతో సీరియల్ సంగతో మాట్లాడుతూ ఎక్కించేస్తే తనకే తెలిసేది కాదు. ఏడాదికి ఒక్కసారి నా చేతులకు ఆ పని. దానికోసం నేను ఏడాదంతా కాచుకొని ఉండేదాన్ని. దాపరికం ఎందుకు?

ఇక ఆ కూపను సంగతి. ఎండాకాలంలో ప్యాలెస్ గ్రౌండ్స్‌లో ఎగ్జిబిషన్ పెట్టారు, అక్కడ మాదొక స్టాలు. పక్క స్టాలు ఎవరో హాలిడే కంపెనీ వాళ్ళది. వచ్చేపోయే వాళ్ళందరి చేతా కూపన్లు రాయించి డబ్బాలో వేయించుకుంటున్నారు. నేనూ ఒకటి రాశాను, శ్రీమతి మునిలక్ష్మి నారాయణప్ప అని. మొగుడున్నాడా లేడా అని వాళ్ళు అడగలేదు, నేను చెప్పలేదు. ఆషాఢం మొదట్లో అంగడికి ఫోనొచ్చింది. శ్రీకాంత్ తీసుకున్నాడు. నారాయణప్ప దంపతులకు లక్కీ డ్రా తగిలిందట. ఆదివారం సాయంత్రం రెసిడెన్సీ రోడ్డులో ఫలానా హోటలుకు వచ్చి వాళ్ళు చెప్పేది వింటే చాలు, డిన్నర్ సెట్టు ఊరికే ఇస్తారు. కానీ భార్యాభర్తలిద్దరూ రావాలి. ఒక్కరొస్తే లోపలికి రానివ్వరు.

వాళ్ళు అమ్మేదేమిటంటే, టైమ్‌షేర్ అట. ఒక్కసారి సభ్యులైతే పాతికేళ్ళపాటు ఏడాదికొక వారం కొండ మీదో సముద్రం ఒడ్డునో ఒక ఇల్లు మనదే. మన వారం మనం ఉండి వచ్చేస్తే తరువాతి వారం ఇంకెవరో.

"ఒక వారానికి ఇల్లు కొనడమేమప్పా? వారానికొక పెళ్ళాం అన్నట్లుండాది" అన్నాడు మా మామ.

లావణ్య మాత్రం ఎగిరి గంతేసింది. "అన్నం తినే తట్టలు ఆరంటక్కా! మనమూ ఆరుమందే." మామ, శ్రీకాంత్, తను, పిల్లలు చిన్ని, పండు, ఆఖరున నేను. వేళ్ళు ముడిచి మరీ చెప్పింది. నన్నూ కలిపిన ఆ వేలును నేను చూశాను. అప్పుడే నాకు ఆశ పుట్టింది. ఈ ఇంటివాళ్ళు ఎక్కడికైనా పోతే నన్నూ తీసుకుపోతారు అని. అంతకు ముందు ఆరేళ్ళలో ధర్మస్థలకు పోయినా, పెళ్ళికి పోయినా, ఇల్లు చూసుకునేది నేనే. అందులో తప్పు పట్టడానికీ ఏమీ లేదు. ఎవరో ఒకరు ఉండాలి కదా.

శ్రీకాంత్, లావణ్యా మా పేర్లతో పోయి డిన్నర్ సెట్టు తెచ్చేయాలని మొదట అనుకున్నారు. శనివారం పొద్దునకల్లా పండుకు ఒళ్ళంతా ఆటలమ్మ పోసింది. వాకిట్లో వేపాకు కట్టాం, తాలింపు మానేశాం. అమ్మవారు ఇంట్లో ఉండగా తల్లి గడప దాటకూడదు. లావణ్య మంచం పక్కన కూర్చొని వేపరెమ్మతో విసురుతూ ఆలోచించి ఆలోచించి నన్ను పిలిచింది.

"అక్కా, కూపను నీది, పేరు నీది. నువ్వే పో."

"జంటగా రమ్మన్నారే?"

"ఈయనొస్తాడులే. ఒక పూట నటిస్తే ఏం పోతాది?"

శ్రీకాంత్ ముఖం చూడాలి! "ఏం మాటలే అవి? వదినతో నేను..." అని ఆగిపోయాడు. ఆ ఇంటికి నేను కోడలుగా వచ్చేనాటికి వాడు లాగు తొడుక్కునే పిల్లాడు. వాక్యానికొకసారి వదినా అనకపోతే వాడికి మాట రాదు.

"సుమ్నే, ఊరికే కూర్చొని వచ్చేయండప్పా. అన్నం పెట్టిన చెయ్యే కదా, నిన్నేమన్నా తినేస్తాదా?" అని లావణ్య నవ్వింది. తనే నాకు తన నీలం పట్టుచీర తీసి ఇచ్చింది. కుచ్చిళ్ళు సర్దింది. ఈ సంగతి ఎప్పుడు తలచుకున్నా నేను అక్కడే ఆగిపోతాను. చీర ఇచ్చింది తనే.

బహుమతి తేవడానికి పోతున్నామని మాత్రమే మామకు చెప్పాం.

హోటలు తలుపు దగ్గర ఇద్దరు అమ్మాయిలు పెళ్ళివారిలా నిలబడి ఉన్నారు. ఒకతె పన్నీరు చల్లింది. రెండో ఆమె తట్ట ముందుకు చాపింది. తట్టలో మల్లెపూలు, కుంకం. నేను తీసుకోలేదు. తీసుకోలేదని చూసి, సిగ్గుపడుతున్నాననుకుందో ఏమో, తనే వేలితో కుంకం తీసి నా నుదుట పెట్టేసింది. వద్దని తల తిప్పాలంటే తిప్పేదాన్నే. తిప్పలేదు. ఇంకొంచెం వంచాను. పూలు నేనే తురుముకున్నాను. శ్రీకాంత్ చెప్పులకేసి చూస్తూ నిలబడ్డాడు.

లోపల చిన్న చిన్న బల్లలు, బల్లకొక జంట. మా బల్ల దగ్గరికి గీతాంజలి అనే పిల్ల వచ్చింది. విజయవాడ వైపు పిల్లట, ఉద్యోగానికి ఈ ఊరొచ్చింది. మేము తెలుగువాళ్ళమని తెలిసి ఎంత సంబరపడిందో.

"నారాయణప్ప గారూ, మీరు లాస్ట్‌గా ఫ్యామిలీతో హాలిడేకి ఎప్పుడెళ్ళారండీ?"

శ్రీకాంత్ పలకలేదు. అది తనను పిలిచిన పిలుపని వాడికి తట్టలేదు. చచ్చిన అన్న పేరుతో పిలిస్తే ఎవడు మాత్రం పలుకుతాడు? ఆ పిల్ల మళ్ళీ అడిగింది. ఏదో ఒకటి చెయ్యాలి కదా. నేను వాడి వైపు తిరిగి "ఏమండీ" అన్నాను.

వాడు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరినో పిలిచానని. నాకు నవ్వొచ్చింది. ఆరేళ్ళుగా ఆ మాటతో నాకు పని పడలేదు.

"ఈయనకు అంగడే లోకమమ్మా. ఏడికీ పోయింది లేదు" అన్నాను.

"అయ్యో, ఏంటి సార్! మేడమ్‌ని ఎక్కడికీ తీసుకెళ్ళలేదా? మేడమ్, మీరు చెప్పండి. మీకు ఎక్కడికెళ్ళాలనుంది?"

అంత వయసొచ్చాక, ఒక మనిషి నా కళ్ళలోకి చూసి నీకెక్కడికి పోవాలని ఉందని అడగడం అదే మొదలు. "సముద్రం" అన్నాను. అంత గట్టిగా అంటానని నేననుకోలేదు, పక్క బల్లవాళ్ళు కూడా చూశారు. మా ఆయన ప్రతి ఆషాఢం చూపిస్తానన్న సముద్రం.

"మడికేరి అయితే దగ్గర కదా..." అని శ్రీకాంత్ నసిగాడు.

"కొండలేముండాయి చూసేకి? నందికొండ చూసినాం కదా. సముద్రమే" అన్నాను. నిజంగా పెళ్ళాం అన్నట్టే అన్నాను. వాడు నోరు మూసుకున్నాడు. వదినా అనడానికి లేదు, ఇంకోటి అనడానికి నోరు రాదు. సాయంత్రమంతా నన్ను పిలవకుండానే గడిపాడు పాపం.

"సూపర్ మేడమ్! గోవాలో మాకు బీచ్ పక్కనే ఉంది. డిసెంబర్‌లో వెళ్తారా?"

"ఆషాఢంలో."

"ఆషాఢంలోనా? అప్పుడు ఫుల్ వానలు మేడమ్. ఆ వారాలు ఎవరూ అడగరు."

"ఎవరూ అడగని వారాలే మాకు తీరిక" అన్నాను. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, కొంటామో కొనమో తెలియకుండానే ఏ వారం పోవాలో కూడా నేను తేల్చేశాను.

"పిల్లలెంతమంది మేడమ్?"

శ్రీకాంత్ తలెత్తాడు. ఆ పిల్ల కలం పట్టుకొని నవ్వుతూ చూస్తోంది. నేనేం చెప్పాలి? లేరని చెబితే, అయ్యో అని ఒక చూపు చూస్తుంది. ఆ చూపులు నాకు బాగా తెలుసు.

"ఇద్దరు. చిన్ని, పండు. పండుకు ఆటలమ్మ పోసిండాది."

"అయ్యో, మరి బాబు దగ్గర ఎవరున్నారు?"

"మా చెల్లెలుండాది. పిల్లల్ని ఆమే చూసుకుంటాది."

నోటి నుంచి అవన్నీ తేలిగ్గా జారిపోయాయి, సబ్బు రాసిన చేతికి గాజులెక్కినట్టు. చిన్నికి లెక్కలు రావనీ, పండు నిద్రలో కలవరిస్తాడనీ కూడా చెప్పాను. అవేమీ అబద్ధాలు కావు. ఆ పిల్లల ముడ్డి కడిగిన దాన్ని, నాకు తెలియదా?

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో డిన్నర్ సెట్టు పెట్టె మా ఇద్దరి మధ్య ఉంది. కార్పొరేషన్ దాటగానే శ్రీకాంత్ బయటికి చూస్తూ "పూలు..." అన్నాడు. తీసి తుంపరలోకి పారేశాను. కొంగుతో నుదురు తుడుచుకున్నాను.

లావణ్య మెట్ల పైనే నిలబడి ఉంది. పెట్టె అందుకొని, తెరిచి, తట్టలు ఒక్కొక్కటే చూసి మురిసిపోయింది. అప్పుడు తలెత్తి "అక్కా, నుదుట ఏదో అంటుకొనుండాది" అంది. మామూలుగానే అంది. తన కొంగు చివర నోటితో తడిపి తనే తుడిచింది కూడా.

"ఆడ పెట్టేసినారు" అన్నాను.

"పెట్టనీలే" అంది.

ఆ రోజు నుంచి ఇంట్లో అదే మాట. కొనాలా వద్దా, కొంటే ఎక్కడ? చిన్ని గోవా అంటే పండు మంచం మీంచి ఏనుగులున్న చోటు అంటాడు. శ్రీకాంత్ మడికేరి వదలడు. మా మామ దేనికీ ఒప్పుకోడు. అంగడి మూయడం ఆయనకు తెలియని విద్య. లావణ్య ఒక్కతే తేల్చి చెప్పింది. "అక్క సముద్రమనింది, సముద్రమే. అక్క ఏనాడైనా ఒకటి కావాలనిందా?" అప్పుడు శ్రీకాంత్ మడికేరి మాట వదిలేశాడు. కానీ నేను గమనించాను. హోటలు నుంచి వచ్చాక వాడి నోట వదినా అన్న మాట రావడం లేదు. ఇదో అనడం, లేకుంటే గొంతు సవరించుకోవడం. నేను నీళ్ళ చెంబు ఇస్తే నా ముఖం చూడకుండా తీసుకునేవాడు.

తరువాత ఒక మధ్యాహ్నం అంగట్లో ఫోను మోగింది. శ్రీకాంత్ బ్యాంకుకు పోయున్నాడు. మామ తీశాడు. వెనక గదిలో ఉన్న నాకు ఆయన మాటలు మాత్రం వినబడ్డాయి.

"ఎవరమ్మా? ఎవరు కావాల? ... నారాయణప్పా?"

చేతిలో దారం వదిలేసి నేను తలుపు దగ్గరికి వచ్చాను. ఆయన ఫోను చెవికి అలాగే ఆనించుకొని వాన వైపు చూస్తున్నాడు.

"లేడమ్మా. బయటికి పోయినాడు."

అవతల ఏదో అడిగారు.

"ఎప్పుడొస్తాడో... చెప్పేకి కాదమ్మా."

ఫోను మెల్లగా పెట్టాడు. ఎక్కడ పెరుగుతుందో అన్నట్టు, గాజు పెట్టినంత మెల్లగా. నన్ను చూశాడు. కళ్ళద్దాలు తీసి పంచె కొసతో చాలాసేపు తుడిచాడు.

ఆ సాయంత్రం అందరూ తిండికి కూర్చున్నప్పుడు ఆయనే ఎత్తాడు. "నారాయణుని పేరు చెప్పి పోయినారా?"

లావణ్య మెల్లగా "కూపనులో ఆ పేరుండె మామా" అంది.

ఆయన ముద్ద కలుపుతూ కూర్చున్నాడు. తిడతాడనుకున్నాం. "వాడూ అడుగుతానే ఉండె, సముద్రం చూడాలని. అంగడెవరు చూస్తారని నేనే పంపకపోతిని" అన్నాడు. తరువాత ఇంకో ముద్ద తిని "మూసేద్దాము. ఆషాఢంలో ఒక వారం మూస్తే ఏం పోతాది? అందరమూ పోదాము" అన్నాడు.

పిల్లలు కేకలు పెట్టారు. లావణ్య నా తొడ మీద గట్టిగా చరిచింది. గోవా గదిలో నలుగురికే మంచాలు, ఇంకో ఇద్దరు స్వల్ప సర్దుకోవచ్చని గీతాంజలి చెప్పి ఉంది. మామ హాల్లో, నేను పిల్లల దగ్గర కింద. ఎవరెక్కడ పడుకోవాలో కూడా లావణ్యే నిర్ణయించింది. నేను వంటగదిలోకి పోయి కాసేపు ఊరికే నిలబడ్డాను. అంత సంతోషం నాకు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆఫరు ముగిసిపోతుందని గీతాంజలే కాగితాలు పట్టుకొని అంగడికి వచ్చింది. గొడుగు బయట ఆనించి, చెప్పులు విడిచి, నవ్వుతూ లోపలికొచ్చింది. మామ గల్లా దగ్గర, శ్రీకాంత్ పక్కన. లావణ్య పండును ఒళ్ళో పెట్టుకొని ముందు గది బల్ల మీద కూర్చొని ఉంది. వాడికి తలకు పోసి రెండు రోజులైంది, ముఖం మీద మచ్చలింకా ఉన్నాయి.

"నమస్తే నారాయణప్ప గారూ!" అని శ్రీకాంత్‌ను పలకరించి, పండు బుగ్గ పట్టుకుంది. "నువ్వే కదా పండు! తగ్గిపోయిందా నాన్నా?" ఆమె లావణ్య వైపు తిరిగింది. "మీరు మేడమ్ వాళ్ళ చెల్లెలు కదండీ? పిల్లల్ని మీరే చూసుకుంటారని మేడమ్ చెప్పారు. పండు నిద్రలో కలవరిస్తాడంట, చిన్నికి మ్యాథ్స్ రాదంట, ఎంత ముచ్చటగా చెప్పారో! మమ్మీ ఏదిరా, పండూ? పిలువు."

పండు వాళ్ళమ్మ ముఖం చూశాడు. వాడికి అర్థం కాలేదు. "ఇదే మా అమ్మ" అన్నాడు.

నేను వెనక గది తలుపులో నిలబడి ఉన్నాను. చేతిలో గాజుల సరాలు, ఒంటి మీద ఇంటి చీర, నుదుట విబూది. గీతాంజలి నన్ను చూసింది. నుదురు చూసింది. నవ్వు మాత్రం ముఖం మీద అలాగే ఉండిపోయింది.

లావణ్య పండు జుట్టు సవరించింది. రెండుసార్లు, మూడుసార్లు సవరించింది. తరువాత "కూర్చోమ్మా. కాఫీ తాగుతావా?" అంది.

"వద్దండీ..."

"పేర్లు మార్చాల. రాసుకో. శ్రీకాంత్. లావణ్య."

"సరేనండీ. లొకేషన్ గోవా కదా మేడ..."

"మడికేరి."

శ్రీకాంత్ తలెత్తాడు. "సముద్రమనుకుంటిమి కదా?"

"వానల్లో సముద్రం ఏం చూస్తారు? పిల్లలకు పడదు." లావణ్య గొంతు పెంచలేదు. ఆషాఢంలో మడికేరి వాన సంగతి చెప్పబోయి గీతాంజలి ఊరుకుంది.

"ఆరుగురు కదండీ?"

"నలుగురు. మామ అంత దూరం పోలేడు. అంగడి మూస్తే ఎట్ల? అక్క ఉంటాది."

మామ గల్లా మీద చెయ్యి పెట్టి ఏదో అనబోయాడు. లావణ్య ఆయన వైపు చూసింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. శ్రీకాంత్ సంతకం పెట్టాడు. ఆ పిల్ల పోతూ పోతూ నా దగ్గర ఆగింది. "వస్తాను మేడమ్" అని గొడుగు తీసుకుంది.

లావణ్య నాతో పోట్లాడలేదు. పోట్లాడి ఉంటే బాగుండేది. నాకూ నోరుంది, ఎదురు చెప్పేదాన్ని. చీర ఎవరిచ్చారు? జంటగా పొమ్మన్నది ఎవరు? నటించమని పంపి, సగంలో ఆపమంటే ఎక్కడ ఆపాలి? ఒకరోజు వంటగదిలో నేనే అడిగాను.

"లావణ్యా, ఆ పిల్ల అట్ల అడిగితే నేనేం చెప్పాల?"

"నేనేమన్నానక్కా? ఏమీ అనలేదే" అంది, పప్పు రుబ్బుతూ. అంతే. చిన్ని లెక్కల పుస్తకం పట్టుకొని నా దగ్గరికొస్తే "పెద్దమ్మకు పనుండాది, ఇట్ల రా" అని పిలుచుకునేది. పిలుపులో కోపం కూడా లేదు. దానితో నేనెట్లా పోట్లాడేది? డిన్నర్ సెట్టు అటక మీదికి పోయింది. శ్రీకాంత్ నన్ను ఇదో అనడం కూడా మానేశాడు.

ఆషాఢం అలాగే తడిసి తడిసి అయిపోవచ్చింది. భీమన అమావాస్య వచ్చింది. నేను తెల్లవారే దిగాను. పీట వేశాను. గిన్నెలో సబ్బు నీళ్ళు కలిపాను. అంగట్లోకెల్లా మెత్తని పచ్చగాజులు, రెండు-నాలుగు, చేతికొక డజను చొప్పున ముందు రోజే ఏరి పెట్టుకున్నాను. ఒక్కొక్కటీ గోటితో కొట్టి, మోత విని ఏరాను. ఏమైనా కానీ, ఈ ఒక్కటీ ఉంటుందనుకున్నాను. ఆ చేతికి వేరే దారి లేదు కదా.

పైన పూజ గంట మోగింది. మొగుడి కాళ్ళ పూజ మొదలైపోయింది. గాజులు తొడుక్కోకుండా పూజెట్లా అని నేను మెట్ల దగ్గరికి వచ్చేసరికి, లావణ్యే హారతి తట్టతో దిగుతోంది, అంగట్లో దేవుడికి చూపించడానికి. రెండు చేతులకూ పచ్చగాజులు, నిండుగా.

ఎడమ బొటనవేలి మొదట్లో చర్మం లేచిపోయి ఎర్రగా ఉంది. మణికట్టు మీద నెత్తుటి గీత.

"ఎవరు తొడిగినారు?"

"జ్ఞానప్రకాశం. నిన్న సాయంత్రమే."

"నన్ను పిలవకపోతివే?"

"పనిలో ఉంటివి కదక్కా."

"గీసేసినాడు. సగం పెరిగిపోయింటాయి. ఎన్ని పెరిగినాయి?"

"ఏం కాదులే."

అరుపు వీధి చివరిదాకా వినబడే మనిషి. ముందు రోజు సాయంత్రం నేను వెనక గదిలోనే ఉన్నాను, గోడకు ఇవతల. ఒక్క చప్పుడు వినలేదు. అంత నొప్పినీ పంటి కింద పెట్టుకొని ఓర్చుకుంది, నా దగ్గరికి రాకుండా ఉండడానికి.

"పసుపు పెడతానుండు" అని చెయ్యి చాచాను.

లావణ్య తట్టను ఆ చేతిలోకి మార్చుకొని, కొంగు కప్పుకొని "హారతి తీసుకో అక్కా" అంది. తీసుకున్నాను. తను ముందు గదిలోకి పోయింది. కాసేపట్లో షట్టరు ఎత్తిన చప్పుడు, శ్రావణం మొదటి బేరానికి వచ్చిన ఆడవాళ్ళ నవ్వులు. నేను సబ్బు నీళ్ళు మోరీలో పోసి, పీట గోడకు ఆనించి, ఆ గాజులు మళ్ళీ సరానికి కట్టేశాను.

ఆ తరువాత ప్రతి ఆషాఢం నలుగురూ మడికేరి పోయి ఒక వారం వానలో ఉండి వచ్చారు. మిరియాలు తెచ్చేవారు, తేనె తెచ్చేవారు. నాకోసం ఏదో ఒకటి మరవకుండా తెచ్చేది లావణ్య, ఆ మాట చెప్పకపోతే నా నోరు పడిపోతుంది. సముద్రం నేను ఇప్పటికీ చూడలేదు. దానికి నాకు ఏడుపు లేదు. చూడని వాళ్ళు కోట్లమంది ఉన్నారు. ప్రతి భీమన అమావాస్యకూ నెత్తురు గీతలతో తిరిగింది గాని, ఆ చెయ్యి మళ్ళీ నా ముందరికి రాలేదు.